లాకు తలుపు పాట

బహుళ సప్తమి

ఈ ఉదయం లాకు మోటారు ఆగిపోయింది. నూకరాజు మూత విప్పి చూశాడు. లోపలి రాగి తీగలన్నీ ఉప్పు పట్టి పచ్చగా అయిపోయాయి. ముట్టుకుంటే పొడిగా రాలాయి. కొత్త మోటారు ఉత్తరం నుంచి పడవ మీద రావాలి. పడవ అమావాస్య దాటాకే బయల్దేరుతుందట.

తలుపు తెరిచి ఉండగా ఆగింది. అదే చిక్కు. ఆటు వేళ మా చేలలో నీరు సముద్రంలోకి పోవడానికి తలుపు తెరుస్తాం, పోటు వేళకు మూస్తాం. ఇప్పుడు మూయడానికి లేదు. మామూలు పోటుకు ఉప్పునీరు కాలవ దాకా వచ్చి, మంచినీళ్ళ గుంట గట్టు దగ్గర ఆగుతుంది. అమావాస్య పోటు అలా ఆగదు. గట్టు దాటుతుంది. గుంట ఉప్పైతే సముద్రానికి అడ్డంగా వేసిన ఈ ఎదురుకట్ట మీద ఎవరినీ ఉంచరు. మంచినీళ్ళు లేని కట్టను ఖాళీ చేయించి, జనాన్ని కొండ శిబిరాల్లో ఎక్కడ గది ఉంటే అక్కడ సర్దుతారు. మా పక్క కట్టవాళ్ళని అలాగే సర్దారు. ఒకే పడవ ఎక్కిన అక్కచెల్లెళ్ళు వేరు వేరు కొండల మీద దిగారు.

లాకు మీద పనిచేసేవాళ్ళకు వండిపెట్టడం, ఈ పుస్తకం రాయడం నా పనులు. "సొంత సంగతులు రాయకు సలోమక్కా, నీటి మట్టం రాస్తే చాలు" అంటాడు నూకరాజు. అతను లాకు సూపర్‌వైజరు. చెప్పింది నిజమే. కానీ నీటి మట్టం ఒక్కటే రాస్తే ఆ రోజు ఎవరికీ అర్థం కాదు.

నీటి మట్టం: గట్టుకు జానెడు కింద.

బహుళ అష్టమి

తలుపును చేత్తో మూయాలని తేల్చారు. ఆటుకీ పోటుకీ మధ్య నీరు కాసేపు నిలబడుతుంది. ఆ కాస్త వేళలోనే తలుపును గోడ దగ్గర నుంచి ఎదుటి గోడ దాకా లాగాలి. ఒకసారి చేరితే పోటే దాన్ని నొక్కి పట్టుకుంటుంది. తలుపు వెనక బురద పేరుకుని ఉంది. కప్పీ మీదుగా మోకు వేసి, కట్ట మీద ఉన్న ఆడా మగా అందరం పట్టుకున్నాం. నేను కూడా పట్టుకున్నాను. పొయ్యి మీద గంజి ఉంది గానీ, గంజికి తొందరేముంది.

కదలలేదు. కదలడం కదిలింది, మళ్ళీ వెనక్కి పోయింది. అందరం లాగుతున్నాం గానీ ఒకేసారి లాగడం లేదు. నా చెవిలో పూస ఒక నెమ్మది కీర్తన పాడుతోంది. నా ముందున్న పోలయ్య అన్నయ్య తల ఊపుతున్న తీరు చూస్తే ఆయన చెవిలో డప్పు పాట నడుస్తున్నట్టుంది. ఎవరి పూస వాళ్ళకు సరిపడే పాట పాడుతుంది. బడిలో చేరిన రోజే పెడతారు. నాకు మాత్రం కాస్త ఆలస్యంగా, పదో తరగతిలో వచ్చింది. అంతకు ముందు నోటితో పాడేవాళ్ళు.

"అందరూ పూసలు తీసెయ్యండి" అన్నాడు నూకరాజు. "నేను ఒకటి, రెండు, మూడు అంటాను. మూడుకి లాగండి."

"మూడు అంటున్నప్పుడు లాగాలా, అన్నాక లాగాలా?" అన్నాడు పోలయ్య అన్నయ్య.

"అన్నాక."

"అన్నాక అంటే మరి నాలుగు కదయ్యా."

జనం నవ్వారు. నవ్వితే మోకు జారింది. తర్వాత లెక్కకు కొంతసేపు బాగానే లాగారు. తలుపు గోడను వదిలి బారెడు వచ్చింది. అప్పుడు చేతులు అలిసి ఒక్కొక్కరూ వదులు చేశారు. ఒకేసారి కాదు, ఎవరికి అలసట వస్తే వాళ్ళు. తలుపు తిరిగి గోడకు కొట్టుకున్న చప్పుడుకు కట్టంతా అదిరింది.

నాకు అర్థమైంది ఇది. పూస మన ఒంటి అలసట కనిపెట్టి పాటను నెమ్మది చేస్తుంది. ఇన్నేళ్ళూ పాటే మా వెంట నడిచింది. పాట వెంట మేం నడవడం ఎవరికీ అలవాటు లేదు.

పూస తీయనిది ఒక్క కెజియా. మోకు చివర నిలబడి అలాగే లాగింది. నూకరాజు ఏదో అనబోతే నేనే వద్దని చెయ్యి ఊపాను. ఆ సంగతి రేపు రాస్తాను, నడుము నొప్పిగా ఉంది.

నీటి మట్టం: జానెడు కింద.

బహుళ దశమి

నిన్న రాయలేకపోయాను.

కెజియా భర్త దానియేలు ఇక్కడే లాకు మీద పనిచేసేవాడు. జ్వరంతో పోయాడు. పూసల కేంద్రం వాళ్ళు అతని పాత మాటలు తీసుకుని గొంతు తయారుచేసి ఆమె పూసలో పెట్టారు. ఆమెకు పాటలన్నీ అతని గొంతులోనే వినిపిస్తాయి. అలా చేసిచ్చిన గొంతు ఒంటి వేడి మీదే నిలుస్తుంది. పూస చల్లబడితే పోతుంది. మళ్ళీ చేయించడానికి ఆ పాత మాటలు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. అందుకే ఆమె స్నానానికి వెళ్ళినా దాన్ని తీయదు. పనికి వస్తుంది, తింటుంది, ఎవరితోనూ మాట్లాడదు. మనం ఏదైనా అడిగితే, చెవిలో మాట పూర్తయ్యేదాకా ఆగి అప్పుడు మనవైపు చూస్తుంది.

ఇవాళ నూకరాజు కేంద్రానికి కబురు పెట్టాడు, అందరి పూసల్లోనూ ఒకే పాట వెయ్యమని. వేశారు. ఎంత చక్కటి పాటో! అన్ని చెవులకూ సమంగా నచ్చేలా తూచి తయారుచేశారు. మోకు పట్టుకుని అందరం కళ్ళు అరమోడ్చి ఊగాం. ఎవరికీ కష్టం తెలియలేదు. తలుపుకు కూడా తెలియలేదు. పోలయ్య అన్నయ్య మోకు మీదే కూర్చుండిపోయాడు.

"ఏం అన్నయ్యా?"

"ఇంత హాయిగా ఉంటే ఇంక లాగడమెందుకు చెల్లెమ్మా?"

నీటి మట్టం: బెత్తెడు కింద.

బహుళ ఏకాదశి

నూకరాజు వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోయినట్టు లేదు.

"సలోమక్కా, మనమే ఒక పాట కట్టుకోవాలి."

"ఎవరు కడతారు?"

"నువ్వు. రోజూ ప్రార్థన చేస్తావు. నీకు మాటలు వస్తాయి."

"ప్రార్థనకూ పాటకూ తేడా ఉంది నూకరాజూ."

"ఏదో ఒకటి రాయక్కా. వేరే ఎవరిని అడగను?"

పిండి కలుపుతూ రోజంతా అదే ఆలోచించాను. పాట అనేది మనుషులు అసలు ఎందుకు కడతారు? మా అమ్మ వల అల్లుతూ పాటలు కట్టేది. అందులో అన్నీ మా నాన్న మీద తిట్లు. ఎదురుగా తిట్టడానికి వీల్లేదు, నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఉండేది. పాటైతే ఎవరూ ఏమీ అనలేరు. ఒక్కోసారి నాయనమ్మ కూడా గొంతు కలిపేది, తన కొడుకు మీదని తెలిసి కూడా. చిట్టెమ్మ పిన్ని బిడ్డ పోయినప్పుడు తడిబట్టలు పిండుతూ ఒక పాట పాడేది. దాని మాటలు నాకు గుర్తు లేవు. బట్ట నుంచి కారే నీళ్ళు గుర్తున్నాయి. వాళ్ళెవరూ పాట కడదామని కూర్చోలేదు. ఎవరికో ఏదో చెప్పాలి, మామూలుగా చెబితే ఆ మాట నోట్లోంచి రాదు. అందుకు కట్టారు.

నేను ఎవరికి ఏం చెప్పాలి? మోకు లాగమని. అది పాటకు చాలదు.

మోకాళ్ళ మీద కూర్చుని దేవుణ్ణి అడిగాను. మా మందిరంలో ఆదివారం నాడు ఎవరి పూసలో వాళ్ళు కీర్తన వింటారు. పాస్టరుగారు చెయ్యి ఎత్తితే మొదలు, చెయ్యి దించితే ఆమేన్. ఆ మధ్యలో ఒక్క నోరూ కదలదు. చెప్పుల చప్పుడు, ఎవరిదో దగ్గు, అంతే వినిపిస్తాయి. నేను చిన్నప్పుడు అమ్మ పక్కన నిలబడి పాడినప్పుడు ఆ గోల నా పొట్టలో కదిలేది. దేవుడికి ఇప్పుడు మా వైపు నుంచి ఏం వినిపిస్తోందో ఆయనకే తెలియాలి.

చివరికి నాలుగు వరుసలు రాశాను.

బహుళ ద్వాదశి

నా పాట పాడించారు. సముద్రాన్ని ఆపిన దేవా, మా చేతులకు బలమియ్యి అని మొదలవుతుంది. రాగం కూడా నాకు తెలిసిన పాత బాణీలోదే.

నేను గొంతెత్తాను. నా గొంతు చిన్నది. అందరూ వినడానికి నిశ్శబ్దంగా అయిపోయారు. రెండో వరుసకు వచ్చేసరికి ఒకరి తర్వాత ఒకరు తలలు వంచారు. కళ్ళు మూసుకున్నారు. దేవుడి పేరుతో నోట పలికే మాట అంటే మా వాళ్ళకు ప్రార్థనే, ఇంకేదీ తెలియదు. మూడో వరుసకు మోకు వదిలి చేతులు జోడించారు. మోకు పాములా జారిపోయి నీళ్ళలో పడింది.

"ఆమేన్" అన్నారు అందరూ.

నూకరాజు తల పట్టుకున్నాడు. పోలయ్య అన్నయ్య మాత్రం నీళ్ళలోకి దిగి మోకు తీస్తూ, "బాగా కుదిరింది చెల్లెమ్మా, మా అబ్బాయి పెళ్ళికి నిన్నే పిలుస్తాను" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. వంటింట్లోకి వచ్చి ఉల్లిపాయలు ముందు పెట్టుకున్నాను.

నీటి మట్టం: గట్టుకు మూడు వేళ్ళ కింద. కాలవ పక్కన అరటి మొక్కల ఆకుల అంచులు మాడాయి.

బహుళ త్రయోదశి

ఇవాళ తలుపు జోలికి పోలేదు. అందరి అరచేతులూ బొబ్బలెక్కాయి. కొందరు సామాన్లు మూటలు కట్టుకుంటున్నారు. కొండ శిబిరానికి ఎన్ని మూటలు తీసుకుపోనిస్తారని నన్ను అడుగుతున్నారు, నాకేదో తెలిసినట్టు.

కెజియా బియ్యం ఏరడానికి వచ్చి కూర్చుంది. ఇలా తనంతట తానే రావడం ఇదే మొదలు. చేటలోకి చూస్తూ అంది:

"నీ పాట బావుందత్తా."

"నువ్వు కూడా వెక్కిరించు."

"లేదత్తా. నిజంగానే. లాగడానికి పనికిరాదు గానీ, బావుంది." ఆగి, చెవిలో ఏదో విని, మళ్ళీ అంది. "మా ఆయన ఇంట్లో పూస తీసేసి పాడేవాడు. తెలుసా నీకు?"

"దానియేలా? నేను ఎప్పుడూ వినలేదే."

"వినకపోవడమే మంచిది. కప్ప గొంతు."

"పూసలో బాగా పాడతాడు కదా?"

"పూసలో తప్పు పాడడు. దగ్గడు. మొదలుపెడితే చివరిదాకా పాడతాడు." చేటను ఒళ్ళో పెట్టుకుంది. "ఇంట్లో ఒక్క పాటా చివరిదాకా పాడలేదు అత్తా. నేను పొయ్యి దగ్గర ఉంటే గుమ్మంలో కూర్చుని మొదలెట్టేవాడు. ఒక ముక్క పాడటం, ఆగటం. 'అన్నం ఉడికిందా?' అనడం. అది కూడా రాగం తీసే అడిగేవాడు. నేను విసుక్కుంటూ అదే రాగంలో 'ఇంకా లేదు' అనేదాన్ని. 'పులుసు మరిగిందా?' 'ఇంకా లేదు.' 'పిల్ల మనసు కరిగిందా?' 'ఇంకా లేదు.' అలా దంచుకుంటూ పోయేవాడు. అన్నం ఉడికాకే ఊరుకునేవాడు."

"అలాంటివి పూసలో వెయ్యలేదా?"

"అడిగాను. వేశారు. అన్నం ఉడికిందా అంటాడు, ఎంత తియ్యగానో. నేను ఇంకా లేదు అంటే సరే అన్నట్టు తర్వాతి పాట అందుకుంటాడు." ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "పూసలో మనిషికి ఆకలి లేదత్తా."

ఆమె భుజం మీద చెయ్యి వేశాను. సరిగ్గా అప్పుడే కిటికీ బయట నుంచి పోలయ్య అన్నయ్య కేక:

"చెల్లెమ్మా, అన్నం ఉడికిందా?"

"ఇంకా లేదు" అన్నాను. రోజుకు ఎన్నిసార్లు అంటానో అలాగే, ఆలోచించకుండా.

కెజియా చేతిలో చేట ఆగిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అడగడంలో ఊపిరి పీల్చుకోవచ్చు. 'ఇంకా లేదు' దగ్గర, ఆ 'లే' దగ్గర, ఒంట్లో బలమంతా వెయ్యొచ్చు. అడిగినవాడు జవాబు కోసం ఆగుతాడు, చెప్పేవాళ్ళు ఒక్కసారే చెప్పాలి.

"కెజియా, నువ్వు అడగాలమ్మా" అన్నాను. "ఆ రాగం నీ ఒక్కదానికే తెలుసు."

ఆమె చెయ్యి వెంటనే చెవి మీదికి పోయింది.

"చెవిలో ఆయన పాడుతుంటే నా నోట్లోంచి ఇంకో పాట రాదత్తా. తీయాలి." లేచి నిలబడింది. "తీయలేను. ఇంకోసారి అడక్కు."

అడగలేదు.

బహుళ చతుర్దశి

దానియేలు ప్రశ్నల సంగతి అందరికీ చెప్పి, కెజియా లేకుండా ప్రయత్నించాం. నేను అడిగాను. నా గొంతు నాలుగో మనిషి దాకా కూడా పోలేదు. అప్పుడు పోలయ్య అన్నయ్య అందుకున్నాడు.

"అన్నం ఉడికిందా?"

"ఇంకా లేదు!"

మొదటిసారి అందరం కలిసి లాగాం. ఏదో తెలిసింది ఒంటికి. మోకు ఒక్కటే కర్రలా బిగిసింది. రెండోసారి, మూడోసారి. తలుపు గోడను వదిలి సగం దాకా వచ్చింది. ఎవరో సంతోషం పట్టలేక కేక వేశారు. ఆ కేకకు ఉత్సాహం వచ్చి అన్నయ్య వేగం పెంచాడు. తర్వాత ఆయనకే ఆయాసం వచ్చి నెమ్మదించాడు. అడగడం నెమ్మదిస్తే మేమూ నెమ్మదించాం, ఒక్కొక్కరం ఒక్కో మేర. తలుపు వెనక్కి పోయింది.

"పూస బుద్ధి నాకూ ఉంది" అన్నాడు ఆయన కట్ట మీద కూలబడి. "అలిస్తే పాట తగ్గిస్తున్నాను. దానియేలు గాడైతే అన్నం పెట్టేదాకా తగ్గేవాడు కాదు."

ఆ మాట కెజియా విన్నది. మోకు చివర నిలబడే ఉంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

సాయంత్రం నూకరాజు గుంటలో వేలు ముంచి రుచి చూశాడు. ఇంకా తీపే. ఆ వేలు అలాగే చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు.

నీటి మట్టం: రెండు వేళ్ళ కింద.

అమావాస్య

పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం వేసి, మంట తగ్గించి లాకు దగ్గరికి వెళ్ళాను. ఆటు చివర. నీరు నిలబడటానికి సిద్ధంగా ఉంది. కాలవలో గడ్డిపోచ ఎటూ పోకుండా తిరుగుతోంది. అందరూ మోకు పట్టుకున్నారు. కట్ట మీద అప్పటికే మూటలు వరసగా పెట్టి ఉన్నాయి.

కెజియా నా దగ్గరికి వచ్చింది. మొహం కడుక్కుని, జుట్టు గట్టిగా ముడేసుకుని ఉంది.

"చెయ్యి పట్టు అత్తా."

పట్టాను. చెవి నుంచి పూస తీసి నా అరచేతిలో పెట్టింది. నా వేళ్ళు తనే మూసింది. వేడిగా, కందిగింజంత ఉంది.

"పిడికిలి విప్పకు. చల్లబడనివ్వకు."

"విప్పనమ్మా."

"నీ చేతులు ఎప్పుడూ వేడిగా ఉంటాయి. అందుకే నీకిస్తున్నాను" అంది. తర్వాత ముందుకు నడిచి, కప్పీ పక్కన దిమ్మె ఎక్కి నిలబడింది. ఖాళీ చెవిని ఒకసారి తడుముకుంది.

మొదటి ప్రశ్న ఎవరికీ వినబడలేదు. పెదవులు కదిలాయంతే.

"వినబడలేదే కోడలా!" అన్నాడు పోలయ్య అన్నయ్య. "ఆకలైతే అలాగే అడుగుతారేంటి?"

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం గొంతులోకి వచ్చింది.

"అన్నం ఉడికిందా?"

"ఇంకా లేదు!"

"పులుసు మరిగిందా?"

"ఇంకా లేదు!"

ఆ రాగం ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. అందమైనది కాదు. గుమ్మంలో కూర్చుని కాళ్ళూపుతూ అడిగే మనిషిది. జవాబు వచ్చేదాకా ఆగుతుంది, వచ్చాక ఊరుకోదు. నేను ఒంటిచేత్తో లాగాను. రెండో చెయ్యి గుండెకు ఆనించి, పిడికిలి బిగించి ఉంచాను. వేళ్ళ మధ్య నుంచి సన్నగా, దూరంగా, దానియేలు పాడుతూనే ఉన్నాడు. చక్కగా, తప్పు పాడకుండా.

తలుపు సగానికి వచ్చింది. నిన్న ఆగిన చోటు అది. చేతులు పడిపోతున్నాయి. అందరి చేతులూ. నా ముందున్నవాళ్ళ మెడల మీద నరాలు చూశాను. కెజియా కూడా చూసింది. తగ్గించలేదు.

"మావయ్యకు చెమట పట్టిందా?"

"ఇంకా లేదు!" నవ్వుతూనే లాగాం. "పట్టింది, పట్టింది" అని పోలయ్య అన్నయ్య మొత్తుకుంటున్నాడు.

"నూకరాజు నవ్వాడా?"

"ఇంకా లేదు!"

"పడవ కనబడిందా?"

"ఇంకా లేదు!"

"పోయినవాడు తిరిగొచ్చాడా?"

అది ఎక్కడ నుంచి వచ్చిందో! ఆమె నోట్లోంచి వచ్చాక ఆమెకే తెలిసినట్టుంది. కట్టంతా ఒక్క క్షణం బిగుసుకుంది. ఎవరైనా ఆగితే అక్కడే అంతా పోయేది. ఎవరూ ఆగలేదు. ఆ ప్రశ్న మాలో ఎవరిది కాదు?

"ఇంకా లేదు!"

ఆ లాగుకు తలుపు ఎంత వచ్చిందంటే, వెనకవాళ్ళు కొందరు కింద పడ్డారు. లేచి మళ్ళీ పట్టుకున్నారు. ఆమె మళ్ళీ మొదటికి వచ్చింది. అన్నం, పులుసు, అన్నం, పులుసు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి గానీ గొంతు అదే నడక. నీరు కదలడం మొదలైంది. గడ్డిపోచ లోపలికి తిరిగింది.

ధన్‌మని శబ్దం. తలుపు ఎదుటి గోడకు కొట్టుకుంది. పోటు వచ్చి దాని వీపు మీద చెయ్యి వేసినట్టు నొక్కింది. మోకు వదులైంది.

ఎవరూ కేకలు వెయ్యలేదు. అంత ఓపిక లేదు. కెజియా దిమ్మె మీదే నిలబడి, అలవాటుగా మరోసారి అడిగింది, ఈసారి చాలా చిన్నగా.

"అన్నం ఉడికిందా?"

అందరూ నావైపు తిరిగారు. అప్పుడు వాసన వచ్చింది.

"మాడిపోయింది" అన్నాను.

ఎంతసేపు నవ్వారో. నూకరాజు కట్ట మీద వెల్లకిలా పడుకుని, మొహం మీద తువ్వాలు కప్పుకుని నవ్వాడు.

కెజియా దిగి వచ్చింది. నా పిడికిలి విప్పడం నాకే రాలేదు. వేళ్ళు బిగుసుకుపోయాయి. ఆమె ఒక్కొక్క వేలూ తీసింది. పూస చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఉన్నాడా?"

"ఉన్నాడత్తా." విన్నది. "పాడుతున్నాడు." ఇంకా విన్నది. "ఆయనకు ఏమీ తెలియదు, ఇక్కడ ఏం జరిగిందో."

మాడిన అన్నమే తిన్నాం. అడుగుది గీకి మరీ తిన్నారు. దేవుడికి స్తోత్రం.

నీటి మట్టం: బయట గట్టు మీదికి మూడు వేళ్ళు. లోపల జానెడు కింద. గుంట తీపి.

శుక్ల పాడ్యమి

పడవ బయల్దేరలేదని కబురు. మోటారుకు ఇంకా కొన్నాళ్ళు పడుతుందట. అంటే ప్రతి ఆటుకూ మనమే తెరవాలి, ప్రతి పోటుకూ మనమే మూయాలి. ఇది విని ఎవరూ ఏడవలేదు, నవ్వనూ లేదు. అరచేతులకు నూనె రాసుకున్నారు. మూటలు విప్పారు.

రేపటికి కొత్త మాటలు కావాలని పోలయ్య అన్నయ్య గోల. "రోజూ అన్నం పులుసేనా? నీరసం వస్తుంది." ఇంకా ఏమేం జరగలేదో తలా ఒకటి చెప్పమని కెజియా వంటింటి కిటికీ దగ్గర కూర్చుంది. పూస చెవిలో లేదు. మెడలో, జాకెట్టు లోపలికి దారం కట్టి వేసుకుంది. ఒంటికి తగులుతూ ఉంటుందట. సాయంత్రం పెట్టుకుంటానంది.

జనం కిటికీ దగ్గరికి వచ్చి చెప్పిపోతున్నారు. పాట కట్టడం అంటే ఇదేనని వాళ్ళకు తెలియదు. మోకాలి నొప్పి తగ్గిందా అనేది అన్నయ్యది. చేపల పులుసులో చేప పడిందా అని నా మీద ఒకటి. నూకరాజు అందరూ పోయేదాకా ఆగి, అటూ ఇటూ చూసి, "మా పెద్దమ్మాయి మాట్లాడిందా" అని చెప్పి గబగబా వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి అలిగి వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంటోందని అందరికీ తెలుసు. కెజియా దాన్ని నూకరాజు పేరు లేకుండా కుదిర్చింది. లాగేటప్పుడు అది ఎవరిదో పక్కవాడికి తెలియదు, అతనికి మాత్రం తెలుస్తుంది.

"నీదేంటత్తా?" అంది.

"నాకేం ఉంటాయమ్మా. బియ్యం కడగాలి, జరుగు."

"అందరూ చెప్పారు. నీదీ చెప్పు."

బియ్యం రెండోసారి కడిగాను. మూడోసారి కూడా కడిగాను, అవసరం లేకపోయినా. ఒంట్లో ఓపిక లేదు. నిన్న పిడికిలి బిగించిన చేతికి ఇంకా వాపు ఉంది.

"మందిరంలో అందరూ నోరు విప్పి పాడారా," అన్నాను.

మెల్లగానే అన్నాను. కెజియా అందుకుని, దానియేలు రాగంలో, కట్ట చివరి దాకా వినబడేట్టు అడిగింది. మోకు ఆరబెడుతున్నవాళ్ళు, వలలు ఉతుకుతున్నవాళ్ళు, ఎక్కడివాళ్ళు అక్కడే, తలైనా ఎత్తకుండా, ఒక్క గొంతుతో జవాబిచ్చారు.

"ఇంకా లేదు!"

ఎసరు మరిగింది. బియ్యం వేశాను.